పెదనాన్న క్లిక్ త్రీ, 53 నెగటివ్‌లు

మొదటి ఆదివారం

అటక మీంచి ట్రంకు పెట్టె దించడానికే సగం ఉదయం పోయింది. నల్ల పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పెదనాన్న పేరు, ఆర్మీ నంబరు, ఆ కింద ఎం.ఇ.జి. అని మూడక్షరాలు. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అన్నమాట, బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన ఉంటుంది వాళ్ళ సెంటర్. ఆయన మాత్రం ఎప్పుడూ "సాపర్స్" అనే అంటాడు, సైన్యానికి రోడ్లూ వంతెనలూ వేసే జవాన్లని అలా అంటారు. 1967లో చేరి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో తూర్పు వైపు పనిచేశాడు, పూర్వీ స్టార్ మెడల్ ఉంది. ఇదంతా మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ప్రతి పెళ్ళిలోనూ కూర్చోబెట్టి చెప్తాడు కాబట్టి. నెగటివ్‌లు దాచాడని మాత్రం మొన్న దొడ్డమ్మ నోరు జారితేనే తెలిసింది. "ఆ పెట్టె పారేద్దామంటే ఒప్పుకోడే, ఏవో నల్ల కాయితాలున్నాయిట అందులో."

పెట్టెలో ఏమున్నాయంటే: ఉన్ని టోపీ, రెండు బెల్టులు, పే బుక్కు, ఇందు ఫిల్మ్ ఖాళీ డబ్బా ఒకటి (ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసినది, ఇప్పుడా ఫ్యాక్టరీయే లేదు), తెగిపోయిన తోలు కేసులో కెమెరా, స్టూడియో కవర్లు అయిదు.

కెమెరా ఆగ్ఫా క్లిక్ త్రీ. మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు మొట్టమొదట పట్టుకున్న కెమెరా ఇదే. ప్లాస్టిక్ ఒళ్ళు, 120 రీలు, రీలుకి 12 బొమ్మలు, ఒక్కోటి 6 సెంటీమీటర్ల చదరం. స్పీడు మార్చే పని లేదు, ఎండ గుర్తుకో మబ్బు గుర్తుకో మీట జరపడం, అంతే. వెనకాల చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది, అందులో తర్వాతి నంబరు కనపడేదాకా చెవి తిప్పుకుంటూ పోవాలి. పెదనాన్న 1969లో బెంగళూరులో కొన్నాడు, రెండు నెలలు సిగరెట్లు మానేసి. "రెండు నెలలయ్యాక మళ్ళీ మొదలెట్టాడు" అని వంటింట్లోంచి దొడ్డమ్మ.

కవర్ల మీద స్టూడియో వాడు పెన్సిలుతో రాసిన తేదీలు అరిగిపోయాయి, ఏది ముందో ఏది వెనకో తెలియదు. అందుకని నేనే క, చ, ట, త, ప అని పేర్లు పెట్టుకున్నాను. లెక్కేస్తే క 12, చ 12, ట 9, త 12, ప 8. మొత్తం 53. అయిదు రీళ్ళకి 60 ఉండాలి. ఏడు ఎక్కడికి పోయాయో ఇప్పటికి పక్కన పెట్టాను.

త కవరు తెరవగానే ముక్కు పుటాలు అదిరాయి, వెనిగర్ సీసా మూత తీసినట్టు. అసిటేట్ ఫిల్మ్‌కి వచ్చే జబ్బు ఇది. తేమ, వేడి పడి ఫిల్మ్ ప్లాస్టిక్కే విరిగిపోతూ అసిటిక్ యాసిడ్ వదులుతుంది, పోనుపోను ముడతలు పడి పెళుసెక్కిపోతుంది, ఆ ఆవిరి పక్కవాటికి కూడా అంటుతుంది. మిగతా నాలుగు కవర్లూ కాగితంలో ఉన్నాయి కాబట్టి బతికాయి, దీన్ని ఎవరో జాగ్రత్తనుకుని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టారు. దాన్ని వెంటనే వేరే గదిలో పెట్టాను. మీ ఇంట్లో కూడా పాత నెగటివ్‌లు ప్లాస్టిక్‌లో బిగించి ఉంటే ఇప్పుడే తీసి కాగితం కవర్లలోకి మార్చండి, ఈ డైరీ తర్వాతైనా చదువుకోవచ్చు.

సోమవారం రాత్రి

రాయాలని లేదు గానీ రాస్తున్నాను. త రీలులో నాలుగేసి బొమ్మల ముక్కలు మూడు. అందులో రెండు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా, "కొంచెం లాగితే వచ్చేస్తుంది" అనుకున్నాను. వచ్చింది. కింది ముక్క మీది జిగురు పొర పైదానికి అంటుకుని వచ్చేసింది. బొమ్మ ఉండేది ఆ పొరలోనే, ప్లాస్టిక్కులో కాదు. ముగ్గురు మనుషులు బెంచీ మీద కూర్చున్న ఫొటో, చివరి మనిషి భుజం దాకే మిగిలాడు. యాభై ఏళ్ళకి పైగా ట్రంకు పెట్టెలో బతికినవాడిని నేను రెండు సెకన్లలో చంపేశాను.

అప్పుడు చదవాల్సింది తర్వాత చదివాను. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క వెటింగ్ ఏజెంట్ (నీళ్ళు సందుల్లోకి సులువుగా పాకేలా చేసే ద్రవం) వేసి నానబెట్టాలి, అదీ జిలటిన్ పొర గట్టిగా ఉంటేనే. ఓ మూల మీద ముందు పరీక్షించుకోవాలి, వాటంతట అవి విడిపోయేదాకా చెయ్యి పెట్టకూడదు. ఇంకా అంటుకునే ఉన్న చివరి మూలని అలాగే చేశాను. దాదాపు గంట పట్టింది, కానీ చక్కగా విడివడింది. దారానికి క్లిప్పులు పెట్టి బాత్‌రూములో ఆరేశాను, దుమ్ము తక్కువుండే చోటు ఇంట్లో అదొక్కటే.

బుధ, గురువారాలు

కాపీ తీసే ఏర్పాటు. స్కానర్ కొనే ఉద్దేశం లేదు, నా దగ్గరున్న డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్, ట్రైపాడ్‌తోనే కానిచ్చేద్దామనుకున్నాను. వెనక నుంచి వెలుతురు కోసం ట్యాబ్లెట్ తెర తెల్లగా పెట్టి దాని మీద నెగటివ్ పెట్టాను. మొదటి ఫొటోలో మనుషుల మొహాల మీద దోమతెర కప్పినట్టు గళ్ళు! తెరలోని పిక్సెళ్ళు అవి. నెగటివ్‌కీ తెరకీ మధ్య పాల రంగు అక్రిలిక్ ముక్క పెట్టి, దాన్ని నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లేపితే గళ్ళు పోయాయి. నెగటివ్ చుట్టూ నల్ల అట్టకి కిటికీ కోసి పెట్టాను, లేకపోతే పక్క నుంచి వచ్చే కాంతితో బొమ్మ వెలిసిపోతుంది. కెమెరా సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో చూడటానికి పాత చిట్కా ఒకటుంది: నెగటివ్ ఉండే చోట చిన్న అద్దం పెట్టి, అందులో లెన్స్ ప్రతిబింబం వ్యూఫైండర్‌కి నట్టనడుమ వచ్చేదాకా ట్రైపాడ్ సర్దుకోవడం.

దుమ్ము ఊదడానికి గాలి బుడ్డి మాత్రమే, గుడ్డతో తుడవడం బంద్. సోమవారం గుణపాఠం సరిపోయింది.

కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో నెగటివ్‌ని పాజిటివ్‌గా తిప్పితే మొదట తేలింది అల్సూరు చెరువు గట్టు మీద నిలబడ్డ పెదనాన్న. ఎవరి చేతికో కెమెరా ఇచ్చి తీయించుకున్నాడు. ఇరవయ్యేళ్ళు దాటి ఉంటాయేమో, అంతే. జుట్టు నూనె పెట్టి పక్కకి దువ్వాడు. మా అన్నయ్య మొహమే. కాసేపు పని ఆపేశాను.

రెండో శనివారం

53 కూడా కాపీ అయ్యాయి. ఇప్పుడు క్రమం పెట్టాలి, నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

ముందు ముక్కల్ని రీళ్ళుగా సరిచూశాను. స్టూడియో వాడు కత్తెరతో కోసినప్పుడు ఏ రెండు కోతలూ ఒకే వాలులో ఉండవు. ఒక ముక్క చివర ఎటు వాలితే దాని పక్క ముక్క మొదలు సరిగ్గా అటే వాలుతుంది, చిరిగిన నోటు రెండు సగాలు కలిపినట్టు కలుస్తాయి. అలా చూస్తే ట రీలులో మూడో బొమ్మ తర్వాత కోత, ఏడో బొమ్మ ముందు కోత కలవడం లేదు. అంటే నడుమ 4, 5, 6 ఉన్న ముక్క పోయింది. ప రీలులో ఎనిమిది తర్వాత ఏమీ లేదు. ఏడు లెక్క తేలింది, కారణం తేలలేదు.

తర్వాత రీళ్ళలో ఏది ముందు? క రీలు అంచున ఓర్వో అని ఉంది, తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ ఫ్యాక్టరీ ఫిల్మ్, ఆ రోజుల్లో ఇక్కడ బాగా దొరికేది. బొమ్మలన్నీ బెంగళూరువే, కాబట్టి అది మొదటిది. చ రీలు అగర్తలా. మిగతావి చూస్తూ ఉంటే ఒక సంగతి కంటపడింది. ట, త రీళ్ళలో ప్రతి బొమ్మలోనూ ఎడమ పైమూలన ఆకాశంలో ఒక తెల్లటి చార. కొన్నిట్లో సన్నగా, కొన్నిట్లో చీపురుకట్టలా విచ్చుకుని. క, చ, ప రీళ్ళలో లేదు. మొదట ఎండనుకున్నాను, కానీ నీడలు ఎటు పడ్డా చార మాత్రం అదే మూల.

రీలుకి లైటు తగలడమే ఇది, కెమెరాలో ఎక్కడో సందుంది.

రెండో ఆదివారం

కెమెరా బల్ల మీదకి వచ్చింది. తోలు కేసు లోపలి గుడ్డ బూజు పట్టి ఉంది, దాన్ని వేరే పెట్టాను. లెన్స్ మీద ఫంగస్ సాలెగూడులా పట్టింది కానీ గాజులోకి దిగలేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో వచ్చేసింది. ఆ ఉత్సాహంతో అదే దూదితో వ్యూఫైండర్ కూడా తుడిచాను. అది గాజు కాదు ప్లాస్టిక్, చూస్తుండగానే మంచు పట్టినట్టు మసకబారిపోయింది. ఈ ప్రాజెక్టులో నా చేతులతో పాడుచేసినవి ఇప్పటికి రెండు.

ఇక వెనక భాగం ఊడదీసి, ఫోన్ టార్చి లోపల పెట్టి, గదిలో లైట్లు తీసేసి చూశాను. కింద కుడి మూల, అతుకు దగ్గర, వెంట్రుక మందాన పగులు. బయట ఆ పగులు మీద నల్లటి జిడ్డు, ఎప్పుడో అంటించిన టేపు తాలూకు జిగురు. కెమెరాలో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా పడుతుంది కాబట్టి కింద కుడి మూల తగిలిన వెలుతురు ఫొటోలో పైన ఎడమ మూల కనిపిస్తుంది. చార ఉన్నది అక్కడే.

కాబట్టి నా లెక్క ఇది: క, చ తీసేటప్పటికి కెమెరా బాగానే ఉంది. తర్వాత ఎక్కడో కింద పడి పగిలింది. ట, త పగిలిన కెమెరాతో తీసినవి. స్టూడియోలో రీళ్ళు కడిగించినప్పుడు వాడు చూసి చెప్పి ఉంటాడు, అప్పుడు టేపు వేశాడు. ప టేపు వేసిన తర్వాతది. ప రీలులో మా నాన్న నిక్కరేసుకుని ఉన్నాడు, కాబట్టి అది ఎలాగూ ఇంటికొచ్చాక తీసినదే.

షట్టర్ కూడా కొలిచాను. ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల వీడియో పెట్టి లెన్స్ లోంచి వెలుతురు ఎన్ని ఫ్రేముల్లో కనిపిస్తోందో లెక్కబెట్టడమే. ఆరు, కొన్నిసార్లు ఏడు. అంటే సెకనులో నలభయ్యో వంతో ఇంకాస్త ఎక్కువో. చెయ్యి కదిలినా, మనిషి పరిగెత్తినా బొమ్మ అలికినట్టయిపోతుంది. దీనితో తీసినవన్నీ నిలబడ్డ మనుషులు, కూర్చున్న మనుషులు, ఆగిన బళ్ళు ఎందుకయ్యాయో అప్పుడర్థమైంది.

మూడో ఆదివారం

పెదనాన్నతో కూర్చున్నాను. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా, మధ్యలో దొడ్డమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచి విసుక్కుంది. ల్యాప్‌టాప్ తెర మీద ఒక్కో బొమ్మ పెద్దది చేసి చూపిస్తుంటే ఫోన్లో ఆయన మాటలు రికార్డు చేశాను. ఇది నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, ఎందుకంటే రాసుకుంటూ కూర్చుంటే ఆయన నా పెన్ను ఆగేదాకా ఆగి, ఆ లోపు చెప్పాలనుకున్నది మర్చిపోతాడు.

చ రీలు: అగర్తలా, 1971 అక్టోబరు, నవంబరు. డేరాలు, చేతిపంపు, చొక్కాలు ఉతుకుతున్న తమిళ కుర్రాడు, శక్తిమాన్ లారీ మడ్‌గార్డు మీద కూర్చున్న ముగ్గురు. అప్పటికి తూర్పు పాకిస్తాన్ నుంచి త్రిపురలోకి వచ్చిన శరణార్థులు దాదాపు ఆ రాష్ట్ర జనాభా అంతమంది. 12 బొమ్మల్లో వాళ్ళు ఒక్క దాంట్లోనే ఉన్నారు, అదీ వెనక నుంచి, చేతిపంపు దగ్గర వరస.

"వాళ్ళని తీయలేదేం పెదనాన్నా?"

"ఎలా తీస్తానే? బిందె పట్టుకుని నిలబడ్డావిడ మొహం మీద కెమెరా పెడతామా?" అని, కాసేపాగి, "ఆ ఒక్కటి కూడా తీయకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ బొమ్మకి శీర్షిక రాయొద్దన్నాడు. ఖాళీగా వదిలేశాను.

ట రీలు మొదటి బొమ్మ భైరబ్ బజార్, ఆశుగంజ్‌ల నడుమ మేఘనా నది మీది రైలు వంతెన. 1937లో ప్రారంభమైన ఉక్కు వంతెన, పాకిస్తాన్ సైన్యం వెనక్కి పోతూ పేల్చేసింది, ఫొటోలో గర్డరు నీళ్ళలోకి ఒంగి ఉంది. ఆ వంతెన లేకపోబట్టే జనరల్ సగత్ సింగ్ తన 4వ కోర్ సైన్యాన్ని ఎంఐ-4 హెలికాప్టర్లలో నది దాటించారు, నాటు పడవలు తెచ్చి ఊళ్ళవాళ్ళు కూడా సాయం చేశారు. పెదనాన్న దీని గురించి మాట్లాడుతుంటే ఆపడం కష్టం. ఆపలేదు.

రెండో బొమ్మే గొడవ. ఇది మా ముందు గదిలో గోడ మీద పెద్దది చేయించి ఉన్న ఫొటోనే. ఆరుగురు జవాన్లు బెయిలీ వంతెన ప్యానెల్ మోస్తూ ఉంటారు, మూడోవాడు పెదనాన్న స్నేహితుడు, మెదక్ వైపు మనిషి. పదడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు ఉక్కు చట్రం, 260 కిలోల దాకా ఉంటుంది, ఒక్కో ప్యానెల్‌కి ఆరుగురు పట్టాలి, దాన్ని పిన్నులతో ఒకదానికొకటి తగిలించుకుంటూ వంతెన కట్టేస్తారు. క్రేను అక్కర్లేదు, మనుషుల భుజాలే. దీని గురించి పెదనాన్న చెప్పే కథ చిన్నప్పటి నుంచీ వింటున్నాను: అగర్తలాకి ఎదురుగా సరిహద్దు అవతలున్న ఆఖౌరా దగ్గర, డిసెంబరు మొదట్లో, పైన గుళ్ళు పడుతుండగా రాత్రంతా కట్టారు, తెల్లారగానే ఈ ఫొటో తీశాడు.

నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "పెదనాన్నా, కెమెరా ఎప్పుడు పడింది?"

ఠక్కున చెప్పాడు. "ఆఖౌరా దాటాక. త్రీ టన్నర్ లారీ బురదలో దిగబడిపోయింది, బరువు తగ్గించాలని కిట్లన్నీ కిందకి విసిరేశారు. నా కిట్‌బ్యాగులో ఉందది."

"మరి ఈ బొమ్మలో చార ఉంది కదా?"

ఆకాశంలో చార చూపించాను. పగులు చూపించాను. క, చ రీళ్ళలో లేదని చూపించాను. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "నీ చార సంగతి నాకు చెప్పకు. అక్కడున్నది నేనా నువ్వా?" అని లేచి భోజనానికి వెళ్ళిపోయాడు. దొడ్డమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

నాలుగో వారం

అంత పెద్ద మాట అన్నాక నా లెక్క తప్పయితే మొహం చూపించలేను. అందుకని పరీక్ష పెట్టాను. కొత్త నలుపు తెలుపు 120 రీలు, ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, ఇప్పటికీ దొరుకుతోంది. మొదటి ఆరు బొమ్మలు పగులు అలాగే వదిలేసి, చివరి ఆరు పగులు మీద నల్ల టేపు అంటించి. ఎర్ర కిటికీకి కూడా టేపు వేసి, తిప్పేటప్పుడు మాత్రం నీడలో తీసి నంబరు చూసుకున్నాను. ఇప్పటి ఫిల్ములకి ఎర్ర రంగు కూడా తగులుతుంది, ఆ కిటికీ ఎర్ర రంగు కనపడని పాత కాలపు ఫిల్ముల కోసం పెట్టింది.

వ్యూఫైండర్ నా పుణ్యమా అని మసక, అందాజాగా తీశాను.

కడగడం ఇంట్లోనే. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు డి-76లో ఒకటికి ఒకటి నీళ్ళు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మన కుళాయి నీళ్ళు 20 డిగ్రీలుండవు కదా, డిస్టిల్డ్ వాటర్ సీసాని ఐసు ముక్కల బకెట్లో కూర్చోబెట్టి థర్మామీటర్ పట్టుకుని కాపలా కాశాను. తర్వాత బొమ్మని నిలిపే హైపో, ఆ తర్వాత కడుగుడు. ట్యాంకులోంచి తడి ఫిల్మ్ తీసి లైటు ముందు పట్టుకున్న ఆ క్షణం ఎన్నిసార్లు చేసినా నాకు టెన్షనే.

మొదటి ఆరింటిలోనూ చార ఉంది. అదే మూల, అదే వాలు, ఎండలో ఎక్కువసేపు పెట్టుకుని తిరిగిన మూడో బొమ్మలో బాగా మందంగా, నీడలో తీసిన అయిదో దాంట్లో సన్నగా. ఏడు నుంచి పన్నెండు దాకా శుభ్రం.

పెదనాన్నకి ఫోన్ చేయలేదు. ఏమని చెప్పాలి?

గురువారం, పొద్దున్న ఆరుకి

ఆయనే చేశాడు. "అమ్మాయ్, ఆ ఫొటోలో రైఫిళ్ళేవీ?"

నిద్రలో ఉన్నాను, అర్థం కాలేదు.

"గోడ మీద ఫొటో. రాత్రి నిద్ర పట్టక లేచి చూశా. ఆరుగురు మోస్తున్నారు సరే, రైఫిళ్ళు పక్కన గుట్టగా ఉండాలి కదా? ఒక్కటి లేదు. హెల్మెట్లు లేవు, అందరికీ ఉన్ని టోపీలే. పైన గుళ్ళు పడుతుంటే ఉన్ని టోపీలు పెట్టుకుంటామా?"

నేనేం మాట్లాడలేదు.

"అది జనవరి. పాకిస్తాన్ వాళ్ళు లొంగిపోయాక. తెగిపోయిన రోడ్లన్నీ మేమే కలిపాం కదా మార్చిలో వచ్చేసే దాకా. ఆఖౌరా కాదది."

మరి ఆఖౌరా వంతెన సంగతి? కట్టారు, నిజమే, ఆ రాత్రి కథంతా నిజమే. ఫొటో మాత్రం దానిది కాదు. ఎన్నేళ్ళుగానో ఆ కథ చెప్తూ ఈ ఫొటో చూపిస్తూ వచ్చాడు, రెండూ కలిసిపోయాయి. ఆ రాత్రి కెమెరా ఎక్కడుంది పెదనాన్నా అంటే నవ్వాడు. "ఎక్కడుంటుంది, త్రీ టన్నర్‌లో కిట్‌బ్యాగులో. యుద్ధం చేస్తామా ఫొటోలు తీస్తామా?"

సాయంత్రం మళ్ళీ అన్ని బొమ్మలూ వరసలో పెట్టి చూశాను. చ రీలు పన్నెండో బొమ్మ నవంబరు చివర, అగర్తలా బయట లారీల వరస, మరుసటి రోజే కిట్లు కట్టేయమన్నారట. ట రీలు మొదటి బొమ్మ కూలిన వంతెన, జనవరి. డిసెంబరు 3 నుంచి 16 దాకా, పదమూడు రోజుల యుద్ధంలో, ఒక్క బొమ్మ కూడా లేదు. నేను ఈ ఫోల్డరుకి పెట్టుకున్న పేరు "యుద్ధం ఫొటోలు". ఆ రోజుల తాలూకుది ఈ పెట్టెలో ఏదైనా ఉందంటే కెమెరా మీది పగులొక్కటే. ఫోల్డరు పేరు మార్చి "71–72" అని పెట్టాను.

గోడ మీద ఫొటో మాత్రం అక్కడే ఉంది. వెనకాల అట్ట మీద పాత వాక్యం కొట్టేసి పెదనాన్న తన చేత్తో "జనవరి 72" అని రాశాడు.

అయిదో ఆదివారం

మిగిలిన ఏడు.

ప రీలులో పోయిన నాలుగింటి నేరస్థుడు మా నాన్న. 1972 ఏప్రిల్‌లో పెదనాన్న సెలవు మీద వచ్చాడు, పన్నెండూ తీశాడు, కానీ చివరిదాకా చుట్టకుండా కెమెరా బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా నాన్న, లోపల బొమ్మలు ఎలా ఉంటాయో చూద్దామని వెనక భాగం ఊడదీశాడు. రీలులో లోపలి చుట్లలో ఉన్నవి మొదటి ఎనిమిది, వాటికి పైచుట్లే అడ్డం కాబట్టి బతికాయి. పైన ఉన్న 9 నుంచి 12 దాకా మాడిపోయాయి, స్టూడియో వాడు నల్ల ముక్క కోసి పారేశాడు. నాన్నకి ఫోన్ చేసి అడిగితే "అన్నయ్య ఇంకా మర్చిపోలేదా?" అన్నాడు. మర్చిపోలేదు. ఆ నాలుగింటిలో ఒకటి మా నానమ్మదట.

త రీలులో నేను పాడుచేసిన బెంచీ ఫొటో గురించి కూడా చెప్పేశాను, దాచిపెట్టి ఏం చేస్తాను. ఢాకాలో తీసిందట అది. భుజం దాకే మిగిలిన మనిషి ఎవరని అడిగాను. చాలాసేపు చూసి, "ఆ భుజం చూస్తే లాంగ్రీ అనిపిస్తోంది, వంటవాడు. వాడికి ఎడమ భుజం కిందకుండేది" అన్నాడు. తిట్టలేదు. శీర్షికలో "లాంగ్రీ (కావచ్చు)" అని రాయించాడు, "కావచ్చు" అనే మాట ఆయనే రెండుసార్లు గుర్తు చేశాడు. చార గొడవ తర్వాత ఈ మాట మీద కొత్త ప్రేమ పుట్టినట్టుంది.

ఫైళ్ళ పేర్లు రీలు అక్షరం, బొమ్మ నంబరు: ట-02 అలా. అసలు కాపీలు టిఫ్‌గా ఒక చోట, శుభ్రం చేసినవి వేరే, గీతలూ మరకలూ తీసేసినా చార మాత్రం ఎక్కడా ముట్టుకోలేదు. మూడు హార్డ్ డిస్కులు మూడు ఇళ్ళలో. నెగటివ్‌లు యాసిడ్ లేని కాగితం కవర్లలో, త మాత్రం ఇంకా విడిగానే, వాసన తగ్గింది కానీ పోలేదు.

ఇక ట రీలు 4, 5, 6. ఆ ముక్క మెదక్ స్నేహితుడికి ఇచ్చాడట, 1974లో, ప్రింట్లు వేయించుకుని పంపిస్తానన్నాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పెదనాన్న పాత డైరీలో కొడుకు ఫోన్ నంబరు దొరికింది, ల్యాండ్‌లైన్, పనిచేయదు. ఇద్దరు ముగ్గురిని పట్టుకుంటే కోడలి నంబరు దొరికింది. ఈ సాయంత్రం చేశాను. సంగతంతా చెప్పేసరికి ఆవిడ, "మామయ్య పెట్టె అటక మీదుందండీ, నల్ల పెట్టె. ఎవరూ తెరవలేదు. ఈ వారం మావారు ఊళ్ళో లేరు, వచ్చాక దింపిస్తాను" అంది.

ప్లాస్టిక్‌లో చుట్టి ఉంటే గబుక్కున లాగొద్దని చెప్పాను. రెండుసార్లు చెప్పాను.